తలెత్తి టైపు కొట్టవే బుజ్జీ

గుడివాడ

చి.ల.సౌ. బుజ్జికి,

మేనత్త ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ మావయ్య మోకాలు ఒక్కటే ఈ చలికి మొరాయిస్తోంది, ఆయన మాత్రం దాన్ని ఖాతరు చెయ్యకుండా పొద్దున్నే పాలకేంద్రం దాకా నడిచి వెళ్లొస్తూనే ఉన్నారు. ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు చెప్పాలనుకున్నవి సగం గొంతులోనే ఉండిపోయాయి. అటుపక్క నీ కొడుకు బంతి కనపడలేదని ఒకటే గోల, ఇటుపక్క మా కుక్కరు కూతలు, ఆ గోలలో వేళ్లు ఎలా కదలాలో ఎవరు మాత్రం చెప్పగలరే? అందుకని కాగితం తీశాను. ఊళ్లో ఇంతమందికి టైపు నేర్పి, చేత్తో ఉత్తరం రాస్తోందని నవ్వుకుంటావేమో, నవ్వుకో. నవ్వితే బాగుంటావు, పోలీసు స్టేషన్లో ఎలాగూ నవ్వనివ్వరు.

నిన్ను బందోబస్తు డ్యూటీల నుంచి తప్పించి రైటరు పక్కన కంప్యూటరు ముందు కూర్చోబెట్టారని చెప్పినప్పుడు పైకి అనలేదు గానీ నాకు భలే గర్వంగా అనిపించింది. ఆడవాళ్ల మీద జరిగే కొన్ని నేరాల్లో వాళ్లు చెప్పేది ఆడ ఆఫీసరే రాసుకోవాలనీ, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది 173వ సెక్షన్ కింద ఉందనీ, రాసింది చదివి వినిపించి సంతకం పెట్టించుకుని కాపీ ఉచితంగా చేతికివ్వాలనీ, మీ మేడం ఎస్ఐ గారు అడుగుతుంటే నువ్వు కొట్టాలనీ, అంతా ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పావు. చెప్తూ చెప్తూ ఆ పెద్దావిడ సంగతి దగ్గర నీ గొంతు కాస్త తగ్గింది. కూతురు రెండు రోజులుగా ఇంటికి రాలేదని వచ్చినావిడ చెప్పుకుపోతుంటే, నువ్వు తల దించుకుని రెండు చూపుడు వేళ్లతో అక్షరాలు వెతుక్కుంటూ, ఒక మాట పూర్తయ్యాక తలెత్తి చూసేసరికి ఆవిడ మాట్లాడ్డం ఆపేసి గోడకేసి చూస్తోందట. చెప్పండమ్మా అంటే, మీరు రాసుకోండి తల్లీ, నేను తర్వాత చెప్తాలే అందట. ఆ పిల్ల మర్నాడు వాళ్ల పిన్నిగారింట్లో క్షేమంగా దొరికిందన్నావు, నాకు ఆ రాత్రి కాస్త నిద్ర పట్టింది.

ఆ తర్వాత నువ్వడిగినది వేరు. పక్క సీటు కుర్రాడు టకటకా కొట్టేస్తాడు అత్తా, ముప్పై అయిదేళ్లు వచ్చాక నాకా స్పీడు వస్తుందా అన్నావు. వాడి స్పీడు సంగతి వాడు చూసుకుంటాడు. నాకు మనసులో మిగిలింది ఆ పెద్దావిడ అన్న మాటే. నువ్వు ముందు నేర్చుకోవలసింది కళ్లు బోర్డు మీదనుంచి తియ్యడం. ఆ కళ్లు ఎదురుగా కూర్చున్న మనిషి మీద పెట్టడానికి నీకు కావాలి. అది చేతనైన నాటికి స్పీడు దానంతట అదే వచ్చి ఉంటుంది, నువ్వు చూసుకోవు కూడా.

నాకు టైపు నేర్పిన మాస్టారు కొత్త బ్యాచ్ మొదలెట్టినప్పుడల్లా ఒక కథ చెప్పేవారు. అమెరికాలో ఫ్రాంక్ మెక్‌గరిన్ అని సాల్ట్ లేక్ సిటీలో ఒక కోర్టు స్టెనోగ్రాఫరు ఉండేవాడట, బోర్డు చూడకుండా కొట్టడం తనంతట తను సాధన చేసినవాడు. 1888 జూలై 25న సిన్సినాటిలో లూయిస్ ట్రాబ్ అనే ఆయనతో పందెం పెట్టారు, ఆ ట్రాబూ సామాన్యుడు కాదు, కాకపోతే కీలు చూసుకుంటూ కొట్టే రకం. చెప్తుంటే కొట్టడం ఒక విడత, కాగితం చూసి కొట్టడం ఒక విడత. రెండింట్లోనూ మెక్‌గరిన్నే గెలిచాడు, కానీ కాగితం చూసి కొట్టే విడతలోనే ట్రాబ్ మరీ వెనకబడిపోయాడట, ఎందుకంటే ఆయన కళ్లు కాగితానికీ కీలకీ మధ్య తిరగాల్సి వచ్చింది. మాస్టారు ఇది చెప్పి, ఆ మర్నాడు ఎవరైనా తల దించితే చెక్క స్కేలుతో గడ్డం కింద పెట్టి పైకెత్తేవారు. ఆయన స్కేలు నేను మా ఇన్‌స్టిట్యూట్‌కి తెచ్చుకోలేదు, కథ మటుకు తెచ్చుకున్నాను. నీ ముందు కాగితం కూడా లేదు, ఉన్నది మనిషి.

వయసు మాటకొస్తే, మా ఇన్‌స్టిట్యూట్‌లో వేసవి బ్యాచ్‌లన్నీ పదో తరగతి పరీక్షలు రాసొచ్చిన పిల్లలతో నిండిపోయేవి, గోద్రెజ్‌లూ రెమింగ్టన్లూ ఒక్కసారి మొదలయ్యాయంటే పక్కింటి వాళ్లకి రేడియో వినపడేది కాదు. ఆ పిల్లల మధ్యలోకి పొద్దున్న ఆరు గంటల బ్యాచ్‌కి తాలూకాఫీసు అటెండరు ఒకాయన వచ్చేవాడు, నలభై దాటినవాడు, చిన్నప్పుడు అరక దున్నిన చేతులు, వేలు పెడితే రెండు కీలు ఒకేసారి లేచి కడ్డీలు రెండూ పెనవేసుకునేవి. గోడవైపుకి తిరిగి ఉన్న చివరి మిషనే కావాలనేవాడు. పిల్లలు నవ్వుతారని భయం. నిజానికి ఎవరూ నవ్వలేదు, అందరికంటే ముందొచ్చి, బ్రష్షూ పిన్నూ పట్టుకుని, ‘ఇ’లోనూ ‘ఓ’లోనూ పేరుకున్న సిరా మట్టి అన్ని మిషన్లకీ తీసి ఉంచే మనిషిని చూసి ఎవరికి నవ్వొస్తుంది? ఫీజు కట్టి నేర్చుకునేవారు మీరెందుకండీ ఇవన్నీ అంటే, చేతులు ఊరుకోవమ్మా అనేవాడు. పిల్లలకి నెలలో వచ్చే పాఠం ఆయనకి రెండు నెలలు పట్టింది, అబద్ధమెందుకు. కానీ వచ్చాక మరి పోలేదు. పిల్లలు సెలవులయ్యాక మర్చిపోయి మళ్లీ మొదట్నుంచి వచ్చేవాళ్లు, ఆయనకి ఆ అవసరం రాలేదు. లోయర్ ప్యాసయ్యాడు, అంటే నిమిషానికి ముప్పై మాటలు, మాట అంటే అయిదు దెబ్బల లెక్క. నలభై అయిదుంటే హయ్యర్, దాని జోలికి ఆయన పోలేదు, ఆయనకి కావలసినది అది కాదు. నీకూ లోయర్ స్పీడు చాలు, బుజ్జీ. ఏడుస్తూ చెప్పే మనిషి నిమిషానికి నలభై అయిదు మాటలు చెప్పదు.

రోజుకి గంట. అంతకు మించి వద్దు. నువ్వు ఏదైనా పట్టుకుంటే ఒంటి మీద స్పృహ ఉండదని నాకు తెలుసు, కబడ్డీ ఆడే రోజుల్లో మోచెయ్యి వాచి ఉన్నా గ్రౌండ్‌కి పోయినదానివి, అందుకని ముందే చెప్తున్నా. బ్రిటన్ పోస్టాఫీసులో ఉత్తరాల మీద పోస్టుకోడ్లు కొట్టడానికి పోస్ట్‌మ్యాన్‌లకి టైపు నేర్పాల్సి వచ్చిందట, చూశావా, వాళ్లూ ఉద్యోగంలో ఉన్న పెద్దవాళ్లే. బాడ్లీ, లాంగ్‌మన్ అని ఇద్దరు వాళ్లని జట్లుగా విడదీసి, ఒక జట్టుకి రోజుకి ఒక్క గంట, ఒక జట్టుకి గంట చొప్పున రెండుసార్లు, ఒకదానికి ఏకంగా రెండు గంటలు, ఇంకోదానికి రెండేసి గంటలు రెండుసార్లు నేర్పి చూసి, 1978లో ఆ వివరాలు అచ్చువేశారు. పెట్టిన గంటకి ఎంత వచ్చిందని లెక్క తీస్తే రోజుకి గంట చేసినవాళ్లే అందరికంటే బాగా నేర్చుకున్నారు. తమాషా ఏమిటంటే, తక్కువ తృప్తిగా ఉన్నదీ వాళ్లే, ఎందుకంటే రోజుల లెక్కన చూసుకుంటే మిగతా జట్లు ముందుకు పోతున్నట్టు కనిపించేవి కదా. నీకూ అలాగే ఉంటుంది, పక్కసీటు కుర్రాణ్ణి చూసి గుండె జారుతుంది, అప్పుడు ఆ పోస్ట్‌మ్యాన్‌లని తల్చుకో. మేమూ గంట బ్యాచ్‌లే నడిపాం, అంత తెలివి ఉండి కాదులే, మిషన్లు చాలక.

ఆ గంట ఎలా చెయ్యాలో చెప్తాను. ఎఫ్ మీదా జె మీదా చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, చీకట్లో తడిమినా తెలుస్తుంది, చూపుడు వేళ్లు రెండూ అక్కడ పెట్టి మిగతావి పక్కపక్కన వాల్చు. బొటనవేళ్లు స్పేస్ బారు మీద. మొదటి వారం అంతా మన పాత పాఠమే, ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె, నువ్వు అయిదేళ్లప్పుడు అర్థం తెలియకుండా పాటలా పాడుతూ వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడేదానివి, నోటికొచ్చిందాన్ని వేళ్లకి అప్పగించడమే ఇప్పుడు. చేతుల మీద ఒక తువ్వాలు కప్పుకో. కనపడకపోతే చూడాలన్న యావ దానంతట అదే పోతుంది. కంప్యూటరు కీలని మృదువుగా నొక్కు, మా మిషన్ల మీద చిటికెనవేలికి బలం చాలక ‘ఏ’ అక్షరం వెలిసిపోయినట్టు పడేది, నీకా బాధ లేదు, కొట్టే శబ్దం కూడా ఎదుటివాళ్లకి వినపడనక్కర్లేదు.

చిటికెనవేలంటే గుర్తొచ్చింది. మా దగ్గర సాయంత్రం బ్యాచ్‌లో ఒక పిల్ల ఉండేది, చిన్నప్పుడు వేణ్నీళ్లు పడి ఎడమచేతి చిటికెనవేలు ముడుచుకుపోయింది, ఆ వేలు ‘ఏ’ మీదకి పోదు. నువ్వు బళ్లోంచి వచ్చి మా ఇన్‌స్టిట్యూట్ మూల స్టూలు మీద కూర్చునేదానివి, అమ్మ ఆఫీసునుంచి వచ్చేదాకా. ఒకరోజు చూద్దును కదా, స్టూలు ఆ పిల్ల పక్కకి జరిపేసుకున్నావు, ఆ పిల్ల మిగతావన్నీ కొడుతోంది, ‘ఏ’ వచ్చినప్పుడల్లా నీకేసి చూసి కనుబొమ్మ ఎగరేస్తోంది, నువ్వు టక్కున నొక్కుతున్నావు. ఇద్దరూ ఎంత శ్రద్ధగా ఉన్నారంటే నేను వెనక నిలబడిన సంగతి కూడా తెలియలేదు. లైను చివర గంట మోగితే లీవరు లాగే అధికారం కూడా నీకే ఇచ్చింది. కొన్నాళ్లకి ఆ పిల్ల ఉంగరపువేలితో ‘ఏ’ కొట్టడం అలవాటు చేసుకుని పరీక్ష ప్యాసయింది, ప్యాసై వచ్చి ముందు నీకు చాక్లెట్ ఇచ్చింది, నాకు తర్వాత. ఈ పది వేళ్ల శాస్త్రం గురించి ఎవరైనా మరీ నిష్ఠగా మాట్లాడితే నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది. నీ కుడి ఉంగరపువేలు కబడ్డీలో విరిగి అతికినది, అది సాగనంటే దాని పని పక్కవేలికి ఇచ్చెయ్యి, ప్రతిసారీ అదే వేలు అదే కీకి పోవాలి, అంతే పట్టింపు.

ఇక తెలుగు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి, కింద వచ్చే మాటల్లోంచి ఏరుకుంటానన్నావు. ఫోన్లో కబుర్లకి పరవాలేదు గానీ, ఫిర్యాదుకి అది పనికిరాదమ్మా, ఏరుకోవడమంటే మళ్లీ కళ్లు తెర మీదకే పోతాయి, ఒకసారి పొరపాటు మాట ఏరావంటే ఊరి పేరే మారిపోవచ్చు. మా పాత తెలుగు మిషన్ బోర్డు వేరు, డీటీపీ వాళ్ల ఆపిల్ కీబోర్డు వేరు, నువ్వు వాటి జోలికి పోకుండా ఇన్‌స్క్రిప్ట్ పట్టుకో, 1991లోనే భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించింది, విండోస్‌లో ఉండనే ఉంటుంది. గుణింతం గుర్తులు ఎడమచేతికీ, హల్లులు చాలావరకు కుడిచేతికీ వస్తాయి. ‘కూతురు’ కొట్టి చూడు. కె మీద క, టి మీద కొమ్ముదీర్ఘం, ఎల్ మీద త, జి మీద కొమ్ము, జె మీద ర, మళ్లీ జి మీద కొమ్ము. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒకే రోట్లో మీ నాయనమ్మా నేనూ ఎదురెదురుగా నిలబడి రోకలిపోట్లు వేసినప్పటి లయ ఉంటుంది దాంట్లో, ఒకరి రోకలి లేస్తుంటే ఒకరిది పడుతూ. అన్నీ అంత కుదురుగా ఉండవులే. ‘అమ్మ’ కొట్టు, అ ఎడమచేతికి, మ ఎడమచేతికి, పొల్లు ఎడమచేతికి, మళ్లీ మ, బరువంతా ఒక్క చేతిమీదే. షిఫ్టు నొక్కడానికి మాత్రం కుడిచెయ్యి సాయం వస్తుంది. అయితే ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఒకేసారి మొదలెట్టకు. ముందు వేళ్లకి చోటు తెలియనీ, నెలన్నర పోయాక తెలుగులోకి దిగు. స్టేషన్లో మటుకు అందాకా నీ పాత పద్ధతిలోనే లాక్కురా, ఎవరి ఫిర్యాదు మీదా ప్రాక్టీసు చెయ్యకు.

ఒకచోట ఆగిపోతావు. అందరూ ఆగుతారు. రోజూ కాస్త కాస్త పెరిగిన స్పీడు ఉన్నట్టుండి వారాల తరబడి కదలదు, అప్పుడే మా దగ్గర సగం మంది మానేసేవాళ్లు, మిగతా సగం ఇళ్లకి నేను సైకిలు మీద వెళ్లి పిల్చుకొచ్చేదాన్ని. టెలిగ్రాఫు నేర్చుకునేవాళ్లలోనూ ఇదే జరుగుతుందని అమెరికాలో 1890లలోనే బ్రయన్, హార్టర్ అనే వాళ్లు గమనించి రాశారట. ఒక్కొక్క అక్షరాన్ని పట్టుకునే దశ దాటి, మాటని మాటగా పట్టుకునే దశకి చేతులు మారడానికి ఆ వ్యవధి కావాలని వాళ్లన్నారు. నేను చూసిందీ అదే. అందుకని ఆ ఆగిన రోజుల్లో కొత్త పాఠాలు వద్దు, నీ పనిలో నిత్యం వచ్చే మాటలే ఒక కాగితం మీద రాసుకుని వాటినే కొట్టు. సదరు, కాపురస్తురాలు, వయస్సు, భార్య, తండ్రి పేరు, ఫిర్యాదు, సుమారు, రాత్రి, కనిపించకుండా పోయినది. ఇవి ఆలోచన లేకుండా చేతుల్లోంచి రాలిపోతే, ఆలోచనంతా ఆవిడ చెప్పే దాంట్లో ఉంచొచ్చు. ఇప్పటికీ నన్నెవరైనా బోర్డు మీద ‘బి’ ఎక్కడుందే అంటే నేను చెప్పలేను, గాల్లో వేళ్లు ఆడించి చూసుకోవాలి. మీ మావయ్య దానికి నవ్వుతారు.

ప్రాక్టీసు గంటలో బ్యాక్‌స్పేస్ ముట్టుకోకు. మాకు తప్పు పడితే రబ్బరుతో రుద్దాలి, కింద కార్బన్ కాపీలన్నీ విడివిడిగా రుద్దాలి, గట్టిగా రుద్దితే కాగితానికి చిల్లు, ఆ భయానికే నిదానంగా కొట్టేవాళ్లం, నిదానంగా కొట్టడం వల్లే తప్పులు తగ్గి స్పీడు వచ్చేది. నీ కంప్యూటర్లో తప్పు కొట్టి, అది తీసేసి, మళ్లీ కొడితే ఒక దెబ్బ పని మూడు దెబ్బలయింది. తప్పులున్నా పడనీ, పేజీ అయ్యాక లెక్కపెట్టుకో.

నీ కుర్చీ ఎత్తు చాలదని నా అనుమానం, ఫోన్లో భుజం నొప్పి అన్నావు. మోచేతులు బల్ల ఎత్తున ఉండాలి, కింద ఓ దిండు వేసుకుంటే పోలీసులకేం పరువు పోదు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన రోజు మటుకు ప్రాక్టీసు మానెయ్, నిద్ర లేని వేళ్లు తప్పుల్నే నేర్చుకుంటాయి. పొద్దున్న కాఫీ మీదే ఉండిపోకుండా ఏదైనా తిని వెళ్లు, మీ ఆయన్ని ఉప్మా అయినా చెయ్యమను, అతనికి చేతనవును, నేను పెళ్లిచూపుల రోజునే అడిగి తెలుసుకున్నాను. చదివి వినిపించేటప్పుడు కూడా, ఆ కాగితం పెద్దగా, ఆగి ఆగి చదువు, చదువురాని వాళ్లకి అదొక్కటే దారి తాము చెప్పింది తాము చెప్పినట్టే పడిందో లేదో తెలుసుకోవడానికి. నువ్వలా చదువుతావని నాకు తెలుసులే, ఊరికే రాస్తున్నా.

మీ నాన్న శనివారం అటు వస్తున్నాడు, ఉసిరికాయ పచ్చడి, సున్నుండలు, ఒక కీబోర్డు పంపిస్తున్నాను. కీబోర్డు మా మనవడిది, వాడు కొత్తది కొనుక్కున్నాడు, మీద అక్షరాలన్నీ చెరిగిపోయాయి, నీకదే కావాలి. సున్నుండలు తిన్న చేత్తో దాన్ని ముట్టుకోకు.

వచ్చే నెల జవాబు టైపు కొట్టి పంపు, తువ్వాలు కింద చేతులు పెట్టుకునే కొట్టు. ఒక్క తప్పు కూడా దిద్దొద్దు. ఎర్ర పెన్సిలు ఇంకా నా దగ్గరే ఉంది, సున్నా చుట్టి తిరుగు టపాలో పంపిస్తాను.

నీ కొడుక్కి ముద్దులు. బంతి మంచం కింద చూడమను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య